ముష్తరీ కోసం ఉంచు

పద్నాలుగు నెలలుగా ఆ పెట్టె తూబా ఇంటి నేలమాళిగలో, ఊరగాయ జాడీల పక్కన, పాత దుప్పటి కప్పుకుని ఉంది. మూత మీద ఒక చీటీ అంటించి ఉంది. గుండ్రంగా, ఒక్క కొట్టివేత కూడా లేని టీచరు రాత. "ముష్తరీ కోసం ఉంచు."

ఎడారి ఊరు అర్దకాన్‌లో కొనడానికి వచ్చేవాణ్ణి ముష్తరీ అంటారు. తూబా ఆ ముష్తరీ కోసమే ఎదురుచూస్తూ ఉంది. రోజూ పొద్దు గూకే వేళ మెట్లు దిగి, దుప్పటి సర్ది, ఎలుకలు ముట్టలేదని చూసుకుని పైకి వచ్చేది. ఎవరైనా తలుపు కొడితే చాలు, వచ్చాడేమో, తీసుకుపోతాడేమో అని ఒక దిగులు. కొట్టకపోతే ఇంకో దిగులు. ఆ మనిషి ఎప్పుడో వచ్చి, తలుపు కొట్టి కొట్టి, తనకు వినబడక వెనక్కి పోయాడేమో. అప్పగించిన పని చెయ్యలేకపోయానేమో.

పెట్టెలో ఉన్నది దుర్భిణి. టీచరమ్మ పూరాన్ ఖానుమ్ దుర్భిణి.

పూరాన్ ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై ఎనిమిదేళ్లు ఫిజిక్స్ చెప్పింది. అదే బడిలో తూబా గంట కొట్టేది, గదులు ఊడ్చేది, టీచర్లకు టీ కాచేది. ఇద్దరి ఇళ్లూ పక్కపక్కనే, డాబాల మధ్య నడుమెత్తు పిట్టగోడ. టీచరు పెళ్లి చేసుకోలేదు. తూబాకి పెళ్లయింది గానీ, యుద్ధం వచ్చిన రెండో ఏడు ఆమె మొగుడు అసదుల్లా లారీ నిండా దుప్పట్లు వేసుకుని యుద్ధం జరుగుతున్న అహ్వాజ్ వైపు వెళ్లాడు. మనిషి రాలేదు, లారీ రాలేదు, ఫలానా చోట ఫలానా విధంగా అని కబురు కూడా రాలేదు. వెళ్లేటప్పుడు ఆమె ఆనవాయితీ ప్రకారం అతని వెనక గిన్నెడు నీళ్లు వీధిలో పోసింది. నీళ్లు పోస్తే వెళ్లినవాడు తిరిగొస్తాడని అక్కడివాళ్ల నమ్మకం. ఆ తరవాత తూబా ఎవరి వెనకా నీళ్లు పోయలేదు.

టీ గదిలో స్టవ్ పక్కన కూచోబెట్టి ఆమెకు అక్షరాలు నేర్పింది పూరానే. మెట్ల మీద అడుగుల చప్పుడు విని నలభై మంది పిల్లల్లో ఎవరొస్తున్నారో చెప్పగలదానివి, ముప్ఫై రెండు అక్షరాలు నీకొక లెక్కా అంది. ఆ తరవాత తూబా తనంతట తనే చదువుకుంటూ పోయింది. మందుసీసాల మీద కాగితాలు, పొట్లాలు కట్టిన పాత పత్రికలు, బడి లైబ్రరీలో అట్టలు ఊడిన పుస్తకాలు, ఏది దొరికితే అది.

దుర్భిణి ఇద్దరూ కలిసి చేసిందే. తూబా సామాన్ల గదిలో ఒక పీపా నిండా ఇసుక పోసి, దాని మీద మందపాటి గాజుబిళ్ల ఒకటి కదలకుండా బిగించారు. దానిమీద తడిపిన రాతిపొడి చల్లి, పైన ఇంకో గాజుబిళ్ల పెట్టి, ముందుకీ వెనక్కీ రుద్దుతూ పీపా చుట్టూ నడిచారు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు. రెండు చలికాలాలు నడిచారు. అలా రుద్దగా రుద్దగా పైబిళ్ల మధ్యలో గుంట పడుతుంది, కిందిబిళ్ల ఉబ్బుతుంది. గుంట పడినదాన్ని టెహ్రాన్ పంపి వెండిలా మెరిసే పూత వేయించారు. అదే దుర్భిణికి కన్ను. పొలాలకు నీళ్లు పెట్టే లావుపాటి గొట్టం ముక్క దానికి ఒళ్లు. మిగిలిపోయిన ఉబ్బుబిళ్లను తూబా తన జాడీలో వంకాయలు పైకి తేలకుండా బరువుగా పెట్టుకుంది. పూరాన్ అది చూసినప్పుడల్లా, ఒకే పుట్టుక పుట్టి ఒకటి ఆకాశం చూస్తోంది, ఒకటి వెనిగర్లో మునిగింది అని నవ్వేది.

పూరాన్‌కి చక్కెర జబ్బు. కళ్లు అప్పటికే మసక. అందుకని దుర్భిణికి కన్ను ఆనించేది తూబా, పిట్టగోడ మీద కాగితం పెట్టుకుని గీసేది టీచరు. తూబా చూసింది చూసినట్టు పైకి చెప్పేది. "పైపట్టీ ముదురుగా ఉంది ఖానుమ్. కుడివైపు కొంచెం తెగినట్టుంది." "ఊఁ." "ఎడంపక్క రెండు చుక్కలు, దగ్గరదగ్గరగా." "ఊఁ." ఆ "ఊఁ" వెనక పెన్సిలు గీసుకునే చప్పుడు. ఎన్నో సాయంత్రాలు అలా గడిచాయి.

డాబా మీద దేన్నీ పుస్తకంలో పేరు పెట్టి పిలిచేవారు కాదు. చుట్టూ అంచు ఉన్నది టోపీ మామ. తెల్లగా వెలిగి, తొందరగా ఇంటికి పోయేది పెళ్లికూతురు. అన్నిటికన్నా ఇష్టమైనవాడు హాజీగారు. బొజ్జకు రెండు పట్టీలు చుట్టుకుని, నాలుగు చిన్న చుక్కలను నౌకర్లలా వెంటేసుకుని, దుర్భిణిలో తలకిందులుగా కనబడేవాడు. ఈయన మక్కా పోయినా ఇలాగే తలకిందులుగా పోయుంటాడు అనేది తూబా. అది డాబా మీద మాట. కాగితం మీదికొచ్చేసరికి పూరాన్ ఒప్పుకునేది కాదు. వెక్కిరింత నోటికి, రాతకు అసలు పేరు అనేది. పైన ఆవిడ ఏ పేరు రాసేదో తూబా పట్టించుకునేది కాదు. బొమ్మ తాను చూసినట్టు వచ్చిందా లేదా అన్నదే ఆమె గొడవ.

హాజీగారు ఆకాశం చుట్టూ ఒకసారి తిరిగి మొదలుపెట్టిన చోటికి రావడానికి పన్నెండేళ్లు పడుతుంది. వాళ్లు మొదటి బొమ్మ గీసిన ఏడు ఆయన తేలు రాశి గుండెలో ఉన్న ఎర్ర చుక్క పక్కన ఉన్నాడు. ఏడాదికొక మంచి బొమ్మ, పన్నెండు బొమ్మలతో చుట్టు పూర్తి చెయ్యాలని టీచరు పంతం. మధ్యలో ఒక ఏడు తప్పిపోగా, పదకొండు అయ్యాయి.

పన్నెండోది కాకముందే పూరాన్ మూత్రపిండాలు పాడయ్యాయి. రష్త్‌లో ఉన్న చెల్లెలు వచ్చెయ్యమంది. రష్త్ అంటే ఏడాది పొడుగునా వాన. ఆకాశం లేని ఊరికి పోతున్నాను తూబా అంది పూరాన్. అనేసి నవ్వింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఇల్లు అమ్మేశారు. సామాను ఒక్కొక్కటీ బేరం పెట్టారు. కొన్నవాళ్లు వచ్చి తీసుకెళ్లేదాకా కనిపెట్టుకుని అప్పగించే పని తూబాది. టీచరు ప్రతి వస్తువు మీదా చీటీ అంటించింది. ఫ్రిజ్ మీద, "ముష్తరీ: రొట్టెల కరామత్." కుట్టుమిషను మీద, "ముష్తరీ: రబాబె." చాపల మీద, గిన్నెల బుట్ట మీద, ఆఖరికి కిటికీ తెరల మీద కూడా ముష్తరీ, ముష్తరీ. నెల రోజుల్లో అందరూ వచ్చి ఎవరిది వాళ్లు పట్టుకుపోయారు. పేరు లేని ముష్తరీ ఒక్కడు మిగిలాడు. తూబా ఆ పెట్టెను తన ఇంటికి చేర్చి, చల్లగా చీకటిగా ఉంటుందని నేలమాళిగలో పెట్టింది.

పెట్టె పక్కన చిన్న రేకుడబ్బా కూడా ఒకటి ఉంది. అందులో ఊదారంగు గాజుబిళ్ల, ఉంగరమంత. దానిమీద చీటీ, "జొహ్రే కోసం." సందు చివర నువ్వుల హల్వా చేసేవాళ్ల అమ్మాయి పేరు జొహ్రే. తూబా తీసుకెళ్లి టీచరమ్మ నీకిమ్మంది అని ఇచ్చి వచ్చింది.

బస్సు దగ్గర తూబా నీళ్లు పోయలేదు. పోసినందుకు ఒకడు రాలేదు కదా, పోయకపోతే ఈవిడైనా వస్తుందేమో అనుకుంది. బస్సు కదులుతుండగా పూరాన్ అద్దం వెనకనుంచి ఏదో చెప్పింది. పెదాలు కదిలాయి, మాట వినబడలేదు. తూబా తెలిసినట్టు తల ఊపింది. ఆ చలికాలంలోనే రష్త్ నుంచి ఫోను వచ్చింది, పూరాన్ పోయిందని. అప్పటినుంచి ఆ తల ఊపడం తూబాని పీక్కుతింటూ ఉంది. ఏం చెప్పిందో తెలియకుండా సరే అన్నాను. దేనికి సరే అన్నాను?

*

ఆదివారంనాడు కరజ్ నుంచి కామ్‌యార్ ఫోను చేశాడు. టీచరు చెల్లెలి కొడుకు. కుశలప్రశ్నలన్నీ అయ్యాక, పెద్దమ్మ దుర్భిణి మీ దగ్గరే ఉందటగా అన్నాడు. ఉందంది. దానికి చివరికి ముష్తరీ దొరికాడు తూబా ఖానుమ్ అన్నాడు. యజ్ద్‌లో గడియారాలు బాగుచేసే ఆయన, ఆకాశం పిచ్చి ఉన్నవాడు, గురువారం మధ్యాహ్నం వచ్చి చూసి తీసుకెళ్తాడట.

తూబా మంచిది బాబూ అంది. ఫోను పెట్టేసి, హమ్మయ్య, నా పని అయిపోయింది అనుకుంది. నువ్వుల ముద్దలో ఖర్జూరప్పాకం కలుపుకుని రొట్టె ముంచింది. ఆ ముక్క మళ్లీ గిన్నెలోనే వదిలేసింది. గిన్నె మూత పెట్టేసి నేలమాళిగలోకి వెళ్లి, దీపం వెయ్యకుండా పెట్టె మీద చెయ్యి వేసుకుని కూచుంది. ఇన్నాళ్లూ ఒక్కసారైనా తెరిచి చూడలేదు. పరాయివాళ్ల సొత్తు, ముట్టుకుంటే ఎలా? వేసవంతా హాజీగారు డాబా మీద దక్షిణాన వెలుగుతూనే ఉన్నాడు. తను తల వంచుకుని చాప పరుచుకుని పడుకుంది.

మంగళవారం తెల్లవారుజామున నమాజు అయ్యాక తలుపు దగ్గర చప్పుడైంది. జొహ్రే. పొయ్యి మీదనుంచి అప్పుడే తీసిన రొట్టెలు చేతిలో వేసుకుని నిలబడింది. తూబాకు ఒకటి ఇవ్వడం ఆమెకు అలవాటు. ఇచ్చింది గానీ వెళ్లలేదు.

"పిన్నీ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవుగా?" మెడలో గొలుసు బయటికి లాగింది. దానికి ఊదారంగు గాజుబిళ్ల వేలాడుతోంది. "ఇది నాకెందుకిచ్చింది ఆవిడ?"

"ఎందుకంటే ఏం చెప్పను? గుర్తుగా ఇచ్చుంటుంది."

"గుర్తా? యజ్ద్‌లో కంసాలికి చూపిస్తే పడీపడీ నవ్వాడు. ఇది రాయి కాదట, కెమెరాకి బిగించే అద్దమట. చూడు, అంచుకి మరలు కూడా ఉన్నాయి. అప్పట్నుంచీ మా ఆయన నన్ను కెమెరా ఖానుమ్ అని పిలుస్తున్నాడు."

"నీ పేరు రాసి ఉందమ్మా. జొహ్రే కోసం అని. నా కళ్లతో చదివాను."

"ఆవిడ నన్ను ఫిజిక్సులో రెండుసార్లు తప్పించింది పిన్నీ. నా పేరు గుర్తుంచుకుంటే మూడోసారి తప్పించడానికే గుర్తుంచుకోవాలి." జొహ్రే నవ్వి, ముసుగు సర్దుకుంటూ తూర్పు వైపు చూసింది. ఇళ్లలోకి గాలి దింపే బురుజుల మీదుగా, ఇంకా తెల్లబడని ఆకాశంలో, పెద్ద చుక్క ఒకటి కరిగిన వెండిలా వేలాడుతోంది. "అదిగో, ఇవాళ కూడా నాకంటే ముందే లేచింది."

"ఎవరు?"

"నేనే. మా నాన్న నేను పుట్టిన తెల్లారు దాన్ని చూసే నాకా పేరు పెట్టాడట. దాని పేరు జొహ్రే కాదూ?"

తూబా ఆ చుక్క వైపు చూసింది. డాబా మీద దాన్ని వాళ్లు పెళ్లికూతురు అనేవారు. వేగుచుక్కకు పుస్తకాల్లో పేరు జొహ్రే. ఆ సంగతి ఆ ఊళ్లో ఎవరికి తెలియదు, తనకు మాత్రం తెలియదా? దాన్ని చూసేటప్పుడు వెలుగు ఎక్కువై కళ్లు చెదిరితే, పూరాన్ ఒక రంగుబిళ్ల తీసి బిగించేది. చీకట్లో ఆ బిళ్ల రంగు తూబాకి ఎప్పుడూ కనబడలేదు.

జొహ్రే కోసం. పెళ్లికూతురి కోసం.

చేతిలో రొట్టె వేడికి అరచెయ్యి కాలుతోంది. అది కూడా ఆమెకు తెలియలేదు. చీటీలు ఒకటి కాదు, రెండు. ఇది ఆకాశంలోది అయితే అది కూడా ఆకాశంలోదే. గురుగ్రహానికి పుస్తకాల్లో ఉన్న పేరు ముష్తరీ. చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట. ఇల్లంతా బేరాల చీటీలతో నిండిపోయిన ఆ నెలలో తనకు మాత్రం ఒక్క అర్థమే తోచింది.

హాజీగారి కోసం ఉంచు అంది టీచరు. ఎవరికో ఇమ్మనలేదు. ఆయన్ని చూడడానికి ఉంచుకోమంది.

"పిన్నీ, ఏమయింది? కూచో. మొహం అలా తెల్లబోయిందేం?"

తూబా గడప మీద కూచుని చెప్పింది. జొహ్రే మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తరవాత గొలుసులోంచి బిళ్ల విప్పి, ముసుగు కొంగుతో తుడిచి తూబా చేతిలో పెట్టింది. పదమూడు నెలలు పెళ్లికూతురి నగ పెట్టుకు తిరిగానన్నమాట అంది.

*

పెట్టె తెరిచేసరికి నేలమాళిగలో గుప్పుమని వెనిగర్ వాసన. దుర్భిణి గొట్టం, దాని చెక్క పీట, కన్ను ఆనించే అద్దాల డబ్బా, అన్నిటికీ కింద నోటు పుస్తకం. తూబా దాన్ని మెట్ల మీద వెలుతురులోకి తెచ్చి చూసింది. ప్రతి పేజీలో ఒక గుండ్రం, గుండ్రంలో రెండు పట్టీలు, పక్కన చుక్కలు. పైన "ముష్తరీ." దానికింద ఏ ఏడు, ఆయన ఏ రాశిలో ఉన్నాడు. అడుగున రెండు వరసలు. "చూసినది: తూబా. రాసినది: పూరాన్." పదకొండు పేజీల్లో పదకొండుసార్లు తన పేరు అచ్చులో ఉన్నంత శ్రద్ధగా రాసి ఉంది. ఎప్పుడూ చూసుకోలేదు.

పన్నెండో పేజీ కూడా ఉంది. పూరాన్ వెళ్లేముందే సిద్ధం చేసి పెట్టింది. "ముష్తరీ. 1386. తేలులో." గుండ్రం గీసి ఉంది, ఖాళీగా. "చూసినది: తూబా." దానికింద "రాసినది:" అని రాసి వదిలేసింది.

1386 అంటే ఈ ఏడే, అప్పుడే సగం పైగా వెళ్లిపోయింది. హాజీగారు ఇప్పుడు పడమట దిగిపోతున్నాడు. పొద్దు గూకాక గంటా గంటన్నర కనబడతాడు, రోజురోజుకీ కిందికి. ఇంకో రెండు వారాల్లో సూర్యుడి వెలుగులో కలిసిపోతాడు. తిరిగి బయటపడేసరికి తేలు దాటి పోతాడు. చుట్టు పూర్తి కావాలంటే ఈ కొద్ది సాయంత్రాలే. గురువారం యజ్ద్ మనిషి వస్తాడు.

తూబా కామ్‌యార్‌కు ఫోను చేసింది. ఏం చెప్పాలో ముందే కాగితం మీద రాసుకుంది.

"బాబూ, ఆ దుర్భిణి ముష్తరీ కోసం ఉంచమంది మీ పెద్దమ్మ."

"అవును తూబా ఖానుమ్. ముష్తరీ వస్తున్నాడుగా గురువారం."

"ఆ ముష్తరీ కాదు బాబూ."

"వేరే ముష్తరీ ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాడు. ముందునుంచీ ఉన్నాడు."

"ఎక్కడుంటాడు?"

"పడమట. పొద్దు గూకాక వస్తాడు."

కామ్‌యార్ చాలా మెత్తగా, ముసలివాళ్లతో మాట్లాడేటట్టు, మీరు ఒంటరిగా ఉంటున్నారు, ఒకసారి డాక్టరుకు చూపించుకోకూడదా అన్నాడు. అప్పుడు తూబా చుక్క సంగతి విడమరిచి చెప్పింది. అతను విన్నాడు. మీరనేది నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు, చీటీలో రెండూ సరిపోతాయి, ఆవిణ్ణి అడగడానికి లేదు అన్నాడు. యజ్ద్ ఆయనకు మాట ఇచ్చేశాను, వచ్చి చూడనివ్వండి అన్నాడు. చెడ్డవాడేం కాదు. తూబా జీవితంలో ఎవరికీ కాదని చెప్పలేదు. ఇప్పుడూ సరే బాబూ అనేసింది. ఫోను పెట్టేశాక, మళ్లీ సరే అన్నాను అని తన నోటి మీద తనే చిన్నగా కొట్టుకుంది.

బుధవారం జొహ్రే, ఆమె మొగుడు వచ్చి గొట్టాన్ని డాబా మీదికి ఎక్కించారు. కెమెరా ఖానుమ్‌కి కూలి ఎవరిస్తారని అతను మెట్ల పొడుగునా వేళాకోళమాడుతూనే ఉన్నాడు. సాయంత్రానికి ఎడారి నుంచి ధూళి లేచింది. ఆకాశం పసుపు దుప్పటి కప్పుకుంది. హాజీగారు కనబడలేదు. తూబా దుర్భిణి మీద దుప్పటి కప్పి, దాని పక్కనే కూచుంది.

*

గురువారం నాలుగింటికి యజ్ద్ మనిషి వచ్చాడు. పేరు మెహ్రబాన్. యాభై దాటిన మనిషి, చొక్కా జేబులో చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు. యజ్ద్ తీపి కాజాలు ఒక పొట్లం తెచ్చి, నా ఇంట్లోవి, తీసుకోవాలి అన్నాడు. తూబా టీ ఇచ్చింది, పటికబెల్లం పెట్టింది. అతను టీ తాగుతూ డాబా మెట్ల వైపు చూస్తున్నాడు. ఆమె చూపించలేదు. రెండో గ్లాసు పోసింది. మూడోది పోయబోతుంటే అతను గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చూద్దామా అమ్మా? ఐదింటికి నా టాక్సీ వెళ్లిపోతుంది."

"చూడండి," అంది తూబా. టీపాత్ర కింద పెట్టి, "ఇవ్వను," అంది.

తన గొంతు తనకే కొత్తగా వినబడింది. చెక్కమూత మీదనుంచి ఊడదీసిన చీటీని ముసుగు మడతలోంచి తీసి అతని ముందు పెట్టింది. "దీనికి ముందే ఒక ముష్తరీ ఉన్నాడు. మీరు తరవాత వచ్చారు."

మెహ్రబాన్ కళ్లజోడు పైకి తోసుకుని చదివాడు. అర్థం కాక ఆమె మొహం చూశాడు. మళ్లీ చదివాడు. అప్పుడతనికి నవ్వొచ్చింది. భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నోటు పుస్తకం అడిగి తీసుకుని పేజీ పేజీ తిప్పాడు. పన్నెండో పేజీ దగ్గర నవ్వు ఆగిపోయింది. పుస్తకాన్ని రెండు చేతులతో ఆమెకు తిరిగి ఇచ్చాడు.

డాబా ఎక్కి గొట్టంలోకి టార్చి వేసి చూసి, ఎక్కడ పెట్టారమ్మా దీన్ని అని అడిగాడు. నేలమాళిగలో, చల్లగా ఉంటుందని, ఊరగాయల పక్కన అంది తూబా. అతను వాసన చూసినట్టు ముక్కు ఎగబీల్చాడు. వెనిగర్ ఆవిరి అద్దం పూతను తినేసింది అన్నాడు. నడుమ అరచేతంత బాగుంది, చుట్టూ బూడిదరంగు. ఇంకో ఏడాదిలో అదీ పోతుంది. ఇలాంటిదాన్ని తను కొనడు, ఎవరూ కొనరు, ఆ సంగతే కామ్‌యార్‌తో చెబుతాడు. గాజు మాత్రం బ్రహ్మాండంగా రుద్దారు. టెహ్రాన్ పంపిస్తే కొత్త పూత వేస్తారు, కావాలంటే ఇప్పుడే అద్దం విప్పి తీసుకెళ్తాను అన్నాడు.

తూబాకు అదేదీ సరిగా వినబడలేదు. కళ్లలా కాపాడుకుంటున్నాననుకుంటూ, రోజూ దుప్పటి సర్దుతూ, తానే దాన్ని గుడ్డిదాన్ని చేసింది.

"ఇవాళ కనబడతాడా?" అని అడిగింది.

"కనబడతాడు. ఆయన వెలుగు ఆయనకుంది. మసకగా కనబడతాడు." వాచీ చూసుకుని, "నేను ఉంటే రాసిపెడుదును. మీరు చూస్తూ చెబితే," అన్నాడు.

సందు చివర టాక్సీ హారన్ మోగింది. అద్దం సంగతి నౌరోజ్ పండగ తరవాత చూద్దాం, ఇప్పుడు ఇల్లు దాటనివ్వను అంది తూబా. సరేనన్నాడు. అతను సందులో నాలుగడుగులు వేశాక ఆమెకు ఏం తోచిందో, లోపలికి వెళ్లి గిన్నెడు నీళ్లు తెచ్చి అతని వెనక మట్టిలో పోసింది. అతను వెనక్కి తిరిగి చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని వెళ్లిపోయాడు. నీళ్లు ఇంకిపోయేదాకా ఆమె అక్కడే నిలబడింది.

*

గురువారం సాయంత్రం ఆ ఊరంతా శ్మశానానికి పోతుంది, సమాధుల మీద నీళ్లు చల్లి ఖర్జూరాలు పంచడానికి. జొహ్రే వాళ్లూ పోయారు. తూబాకి ఆ ఊళ్లో నీళ్లు చల్లడానికి సమాధి లేదు. ఒకడికి ఎక్కడా లేదు. ఒకావిడకు రష్త్‌లో వానే చల్లుతుంది.

ఆమె డాబా మీద నోటు పుస్తకాన్ని పిట్టగోడ మీద, టీచరు పెట్టుకునే చోటనే పెట్టింది. గోడ అవతల కొత్తవాళ్లు బట్టలు ఆరేసుకునే తాడు కట్టారు. ఎర్రటి ఆకాశం కిందుగా, మసీదు మీనారుకు ఎడంపక్క, చుక్క ఒకటి తేలింది. తూబా గొట్టాన్ని అటు తిప్పింది. చెయ్యి మరిచిపోలేదు. కన్ను ఆనించింది.

మొదట బూడిద. తరవాత బూడిదలో వణుకుతూ, నీళ్లలో పడిన నాణెంలా, ఆయన. తలకిందులుగా. పట్టీలు రెండూ ఉన్నాయి.

"పైపట్టీ ముదురుగా ఉంది ఖానుమ్," అంది తూబా.

అని ఆగింది. "ఊఁ" అనడానికి, పెన్సిలు గీయడానికి పట్టేంత సేపు ఆగింది.

"కిందిది సన్నం. మధ్యలో చెదిరినట్టుంది."

మళ్లీ ఆగింది. పక్కింటి తాడు మీద బట్ట ఒకటి గాలికి కొట్టుకుంటోంది.

"కుడివైపు ఒక చుక్క. ఎడంవైపు రెండు, ఒకటి దూరంగా."

అప్పుడు గుర్తొచ్చింది, ఎవరూ రాయడం లేదని. తల ఎత్తి చూస్తే కాగితం మీద గుండ్రం ఖాళీగానే ఉంది. చెప్పిందంతా గాలికి పోయింది. పెన్సిలు తీసుకుని పట్టీ గీయబోతే, ఎంత లావు ఉందో మరిచిపోయింది. మళ్లీ కన్ను ఆనించింది. మళ్లీ కాగితం దగ్గరికి వచ్చింది. అలా నాలుగడుగులు అటూ, నాలుగడుగులు ఇటూ, ఒకప్పుడు పీపా చుట్టూ తిరిగినట్టు తిరిగింది. వెళ్లినప్పుడల్లా ఆయన ఇంకొంచెం కిందికి, ఇంకొంచెం ఎర్రగా, ఇంకొంచెం వణుకుతూ ఉన్నాడు. గీసిన పట్టీ వంకరగా వచ్చింది. పూరాన్ అయితే చెరిపి మళ్లీ గీసేది. ఆమె చెరపలేదు.

చుక్కలు మూడే. నాలుగో నౌకరు కోసం వెతికింది. పైన, కింద, పట్టీల అంచున. ఆయన వెనక్కి వెళ్లుండాలి, లేదా ముందు నిలబడుండాలి. లేదా ఉన్నా, పాడైన అద్దానికి ఆనలేదేమో. అంచనాగా ఒక చుక్క పెట్టేస్తే బొమ్మ నిండుగా ఉండేది. చూడనిది రాయకూడదని టీచరు కట్టడి.

మీనారు వెనక్కి ఆయన దిగిపోయాక తూబా కళ్లజోడు పెట్టుకుంది. దీపం దగ్గరికి జరిగి, బొమ్మ పక్కన చిన్న అక్షరాలతో, "నాలుగోది కనబడలేదు," అని రాసింది. అడుగున "రాసినది:" దగ్గర పెన్సిలు ఆగింది. తన పేరు రాయడానికి మొదటి అక్షరం పెట్టి, చాలాసేపు ఆగి, మిగతావి కూడా రాసింది.

సిరా కాకపోయినా, ఆరేదాకా పుస్తకం మూయకుండా కూచుంది.